కొత్త స్విఫ్ట్ గొడవ: రాయగడ, కోరాపుట్ వైపు మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

2024 మే 9న మారుతి సుజుకి నాలుగో తరం స్విఫ్ట్ కారు మార్కెట్లోకి వచ్చింది. అప్పటి నుంచి ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, జయపురం, పర్లాకిమిడిల్లో కారు పిచ్చి ఉన్న తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా ఇదే వాదన. పెళ్లి భోజనాల దగ్గర మొదలై కారు పార్కింగ్ దాకా సాగుతుంది. సగం మంది ఫొటో చూసి తిట్టారు, సగం మంది మైలేజీ అంకె చూసి మెచ్చుకున్నారు. బండిని మన ఘాట్ రోడ్డు మీద నడిపి మాట్లాడినవాళ్లు తక్కువ. నాకు స్విఫ్ట్ అంటే 2005లో వచ్చిన మొదటి మోడల్ నుంచీ ప్రాణం. అందుకే నన్ను అడుగుతుంటారు. అడిగినవే మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ఫొటో చూడగానే వచ్చే ప్రశ్నలు

ఏటి గురూ ఈ మొహం? బాగున్న స్విఫ్ట్‌ని ఎందుకిలా చేశారు?

గొడవంతా ముందు భాగం గురించే. పాత బండికి పెద్ద గ్రిల్, దాని మధ్యలో సుజుకి గుర్తు ఉండేవి. కొత్తదానికి గ్రిల్ చిన్నదైంది, గుర్తు గ్రిల్ పైకి, బానెట్ అంచుకు వెళ్లింది. బానెట్ రెండు పక్కలకూ మూతలా కప్పేస్తుంది, ఆ గీత బండి చుట్టూ తిరుగుతుంది. దాంతో మొహం గుండ్రంగా, మెత్తగా కనిపిస్తుంది. కోపంగా చూసే కారు అలవాటైన కళ్లకు ఇది నచ్చకపోవడం సహజం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ముందు భాగం నాకూ మూడో తరానిదే ఇష్టం. కానీ పక్క నుంచి చూస్తే ఇది అచ్చమైన స్విఫ్టే. నల్లటి స్తంభాలు, తేలుతున్నట్టు కనిపించే పైకప్పు, పొట్టి వెనక భాగం అలాగే ఉన్నాయి. ఫొటోలో ముందు భాగమే కనబడుతుంది కాబట్టి తిట్లు ఎక్కువ పడ్డాయి. రోడ్డు మీద ఎదురైనప్పుడు అంత తేడాగా అనిపించదు. అందం గురించి ఒకరు చెప్పి ఇంకొకరిని ఒప్పించలేరు. మీ కళ్లతో మీరే చూడండి, ఎండలో చూడండి. షోరూమ్ లైట్ల కింద ఏ కారైనా బాగుంటుంది.

వెనక డోర్ హ్యాండిల్ మళ్లీ తలుపు మీదికి వచ్చేసింది. ఆ స్టైల్ తీసేయడం అన్యాయం కాదా?

కాదు, ఇది మంచి మార్పు. మూడో తరంలో హ్యాండిల్ కిటికీ వెనక నల్లటి స్తంభంలో దాక్కుని ఉండేది. దూరం నుంచి రెండు తలుపుల కారులా కనిపిస్తుందన్న సరదా తప్ప దానివల్ల వాడేవాళ్లకు ఒరిగింది లేదు. మా ఇంటికి వచ్చిన పెద్దవాళ్లు వెనక తలుపు దగ్గర నిలబడి ఎక్కడ పట్టుకోవాలో తెలియక తడుముకునేవాళ్లు. పిల్లలకు చెయ్యి అందేది కాదు. ఇప్పుడా ఇబ్బంది లేదు.

ఇది నిజంగా కొత్త కారేనా, పాతదానికే రంగు పూసి అమ్ముతున్నారా?

అడుగున ఉన్న హార్టెక్ట్ ప్లాట్‌ఫామ్ మూడో తరం నుంచి వచ్చినదే, దాన్ని మెరుగుపరిచారు. చక్రాల మధ్య దూరం 2,450 మి.మీ., వెడల్పు 1,735 మి.మీ., రెండూ మారలేదు. పొడవు 3,845 నుంచి 3,860 మి.మీ.కి పెరిగింది, ఎత్తు 10 మి.మీ. తగ్గి 1,520 అయ్యింది. డిక్కీ 265 లీటర్లు, దాదాపు ముందున్నంతే. బయటి రేకులు, డ్యాష్‌బోర్డు, ఇంజన్ కొత్తవి. లోపల జాగా పెరుగుతుందని ఆశ పెట్టుకోకండి.

ప్రతి కొత్త స్విఫ్ట్‌నీ ఇలాగే తిట్టారా, ఈసారే ఇంత గొడవా?

ప్రతిసారీ కొంత గొడవ ఉంది. 2010లో 1.3 లీటర్ల ఇంజన్ తీసేసి 1.2 కె-సిరీస్ పెట్టినప్పుడు పాత అభిమానులు గుండెలు బాదుకున్నారు. 2011లో రెండో తరం వచ్చినప్పుడు పెద్దగా ఏం మార్చారని అడిగారు. 2018లో మూడో తరం గ్రిల్ చూసి నోరు వెళ్లబెట్టిందన్నారు, ఇప్పుడు ఆ గ్రిల్లే కావాలంటున్నారు.

ఈసారి గొడవ పెద్దదవడానికి అసలు కారణం రూపం ఒక్కటే కాదు. రూపం మారడం, సిలిండర్ తగ్గడం, పవర్ తగ్గడం మూడూ ఒకేసారి జరిగాయి. కళ్లకు నచ్చనిది కాలికీ నచ్చకపోతే కోపం రెట్టింపవుతుంది. రూపం మీద కోపానికి కొంత కాలం పోతే అలవాటే మందు. ఇంజన్ మీద ఫిర్యాదు మాత్రం విని తీరాల్సిందే.

## ఇంజన్ గురించి

నాలుగు సిలిండర్లు తీసేసి మూడు పెట్టారు. ఇది మోసం కాదా?

మోసం కాదు, ఎందుకంటే ఏదీ దాచలేదు. కానీ మార్పు నిజమే, అది నడిపేటప్పుడు తెలుస్తుంది. పాత కె12, కొత్త జెడ్12ఈ రెండూ 1,197 సీసీలే. పాతదాంట్లో ఆ సీసీ నాలుగు సిలిండర్లకు పంచారు, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 71.5 మి.మీ. కొత్తదాంట్లో మూడే సిలిండర్లు, పిస్టన్ కదిలే దూరం 92.8 మి.మీ. ఇలాంటి ఇంజన్ తక్కువ ఆర్‌పీఎంలో (నిమిషానికి తిరిగే చుట్లు తక్కువున్నప్పుడు) బాగా లాగుతుంది, ఎక్కువ ఆర్‌పీఎంలో పరుగెత్తడానికి ఇష్టపడదు. పాతదాని స్వభావం అందుకు సరిగ్గా తిరగేసి ఉండేది.

అంకెల్లో అయితే 2021 నుంచి 2024 దాకా వచ్చిన స్విఫ్ట్‌కు 90 పీఎస్ (గుర్రపు బలంలో పవర్ కొలత), 113 ఎన్‌ఎం. కొత్తదానికి 82 పీఎస్, 112 ఎన్‌ఎం. టార్క్‌లో, అంటే ఎన్‌ఎంలో కొలిచే లాగుడు బలంలో, తేడా లేనట్టే, పోయింది పై అంచున ఉండే పవర్.

చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. 2018లో మూడో తరం వచ్చినప్పుడు పెట్రోల్ ఇంజన్‌కు ఉన్నది 83 పీఎస్సే. 90 పీఎస్ బండి దొరికింది మూడేళ్లు మాత్రమే. 2018, 2019 మోడల్ నడిపేవాళ్లు «ఎనిమిది గుర్రాలు పోయాయి» అని బాధపడనక్కర్లేదు. వాళ్ల బండికీ దీనికీ ఒక్క పీఎస్ తేడా.

సిలిండర్ ఎందుకు తగ్గించారంటే, కదిలే భాగాలు తగ్గితే రాపిడి తగ్గుతుంది, పెట్రోల్ ఖర్చు తగ్గుతుంది, పొగ నిబంధనలు దాటడం సులువవుతుంది. మాన్యువల్‌కు కంపెనీ చెప్పే మైలేజీ 24.8, ఏఎంటీకి (క్లచ్ లేకుండా గేర్లు తనే మార్చుకునే రకానికి) 25.75. కొనేవాళ్లలో ఎక్కువ మంది అడిగేది మైలేజీయే కాబట్టి కంపెనీ వాళ్ల మాటే విన్నది. మనలాంటివాళ్లం లెక్కలో తక్కువ.

మూడు సిలిండర్లయితే వైబ్రేషన్ భరించలేమంటున్నారు. నిజమా?

భరించలేనంత లేదు, కానీ ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 180 డిగ్రీలు తిరిగేసరికి ఒకసారి మండుతుంది, మూడింటిలో 240 డిగ్రీలకు ఒకసారి. రెండు మంటల మధ్య ఎడం ఎక్కువ, పైగా ఇంజన్ ఆ చివర నుంచి ఈ చివరకు ఊగే గుణం మూడు సిలిండర్లకు పుట్టుకతో వస్తుంది. సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగినప్పుడు, రెండో గేర్‌లో మరీ నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కాళ్ల కింద తెలుస్తుంది. కదిలి వేగం అందుకున్నాక మర్చిపోతారు. పాత స్విఫ్ట్ నుంచి దిగి నేరుగా ఇందులో కూర్చున్నవాళ్లకే ఎక్కువ తెలుస్తుంది.

నలుగురితో, సామానుతో మన ఘాట్ ఎక్కుతుందా?

ఎక్కుతుంది. ఎలా ఎక్కుతుందన్నదే చెప్పాల్సిన విషయం.

సాలూరు దాటి సుంకి వైపు 26వ నంబరు జాతీయ రహదారి మీద ఎక్కడం మొదలుపెట్టామనుకోండి. ముందు లోడ్ లారీ పాకుతూ ఉంటుంది, వెనక ఇంకో నాలుగు బళ్లు. మూడో గేర్‌లో 2,000 ఆర్‌పీఎం దగ్గర పాత స్విఫ్ట్ నీరసంగా ఉండేది, కొత్తది కాస్త వణికినా లాగుతుంది. లారీ వెనక నెమ్మదిగా పోవడం వరకూ కొత్తదే సుఖం, గేర్లు తక్కువసార్లు మార్చాలి. మలుపు దాటాక చిన్న తిన్నటి ముక్క దొరికి ఓవర్‌టేక్ చేయాలన్నప్పుడు కథ తిరగబడుతుంది. పాతదాన్ని రెండో గేర్‌లో వేసి తొక్కితే 6,000 దాకా కూస్తూ దూసుకుపోయేది. కొత్తది 4,500 దాటాక శబ్దం పెంచుతుంది గానీ వేగం ఆ మేరకు పెంచదు. కాబట్టి ఖాళీ ఎక్కువ దొరికితేనే ముందుకెళ్లాలి. ఈ అలవాటు మార్చుకోకుండా పాత ధైర్యంతో వెళ్లడం ప్రమాదం.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. టర్బో లేని ఇంజన్‌కు ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ దాదాపు ఒక శాతం పవర్ పోతుంది. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే అక్కడికి చేరేసరికి 82లో ఏడెనిమిది గాలిలో కలిసినట్టే. పాత బండికీ ఈ నష్టం ఉంది, కానీ అది 90 నుంచి మొదలుపెట్టేది.

పార్వతీపురం, కూనేరు మీదుగా రాయగడ రోడ్డుకు ఇదంతా అవసరం లేదు. అక్కడ కొత్త బండి హాయిగా పోతుంది.

డీజిల్ స్విఫ్ట్ మళ్లీ వస్తుందా?

ఆశ వదులుకోండి. 75 పీఎస్, 190 ఎన్‌ఎం ఇచ్చే 1.3 ఫియట్ ఇంజన్ మన ఘాట్‌లకు పుట్టినట్టు ఉండేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్‌నే వదిలేసింది. చిన్న కారుకు ఆ స్థాయిలో పొగ శుభ్రం చేసే సరంజామా పెడితే ధర కొనేవాడి అందుబాటులో ఉండదు.

విదేశాల్లో అమ్మిన స్విఫ్ట్ స్పోర్ట్ మనకెందుకు ఇవ్వలేదు?

పన్నే ప్రధాన అడ్డంకి. మన దగ్గర పొడవు 4 మీటర్ల లోపు, పెట్రోల్ ఇంజన్ 1,200 సీసీ లోపు ఉంటేనే చిన్న కారు పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతం జీఎస్టీ, దాటితే 40 శాతం. మూడో తరం స్విఫ్ట్ స్పోర్ట్‌లో ఉన్నది 1.4 లీటర్ల టర్బో. పొడవు సరిపోయినా ఇంజన్ దాటిపోయింది.

రెండో కారణం మనమే. 1.0 టర్బోతో 2017లో బలేనో ఆర్‌ఎస్ ఇచ్చారు. 102 పీఎస్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. కావాలని అడిగినవాళ్లు వేలమంది, షోరూమ్‌కి వెళ్లి కొన్నవాళ్లు కొద్దిమంది. 2020కల్లా ఆపేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

పరుగే ముఖ్యమైతే టర్బో ఉన్న ఐ20 ఎన్ లైన్ నడిపి చూడండి, 120 పీఎస్. మారుతిలోనే కావాలంటే ఫ్రాంక్స్ 1.0 టర్బో, 100 పీఎస్.

## టెస్ట్ డ్రైవ్ దగ్గర

షోరూమ్‌వాళ్లు బజార్లో రెండు కిలోమీటర్లు తిప్పి తెస్తారు. అంతలో ఏం తెలుస్తుంది?

ఏమీ తెలియదు, అందుకే ఒప్పుకోకండి. ఇంట్లో ముగ్గుర్ని వెంట తీసుకెళ్లి బండి నింపండి. దగ్గర్లో ఏ ఎక్కుడు ఉంటే అక్కడికి తీసుకెళ్లమని మర్యాదగానే పట్టుబట్టండి. జయపురంలో ఉంటే కోరాపుట్ ఘాట్ మొదటి మలుపుల దాకా వెళ్తే చాలు.

ఎక్కుడులో పూర్తిగా ఆపి, ఏసీ వేసి, మళ్లీ కదపండి. క్లచ్ వదిలే చోటు మీ కాలికి కుదురుతుందో లేదో అక్కడే తేలుతుంది. రెండో గేర్‌లో ఒకసారి 5,000 దాకా తొక్కి ఆ శబ్దం మీకు సరిపడుతుందో వినండి. దిగేటప్పుడు రెండో గేర్‌లో బ్రేక్ తొక్కకుండా వదిలి ఇంజన్ ఎంత పట్టి ఉంచుతుందో చూడండి. సాయంత్రం వెళ్లగలిగితే హెడ్‌లైట్లు కూడా తెలుస్తాయి. పొట్టంగి, సిమిలిగుడ వైపు చలికాలం మంచులో తిరిగేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

వెనక సీట్లో మీరే ఒకసారి కూర్చోండి. డ్రైవర్ సీటు దగ్గరే మనసు పారేసుకుని, ఇంటికొచ్చాక అమ్మానాన్నలు మోకాళ్లు తగులుతున్నాయంటే అప్పుడు చేసేదేం లేదు.

ఏఎంటీ తీసుకోవచ్చా, ఘాట్‌లో ఇబ్బందా?

ఊళ్లో తిరగడమే ఎక్కువైతే తీసుకోండి. ఘాట్‌లో దాన్ని డీలో వదిలేస్తే మలుపు మధ్యలో గేర్ మారుస్తుంది, ఆ క్షణం లాగుడు ఆగిపోతుంది. మాన్యువల్ మోడ్‌కి మార్చి గేర్ మీ చేతిలో పెట్టుకుంటే సమస్య చాలావరకు పోతుంది. దిగేటప్పుడు ఇది తప్పనిసరి. లేకపోతే ఇంజన్ పట్టు దొరక్క బ్రేకులు వేడెక్కుతాయి. వారానికి రెండుసార్లు సాలూరు ఘాట్ దిగేవాళ్లకు నేను మాన్యువలే చెబుతాను.

తలుపు కొడితే రేకు డబ్బా శబ్దం వస్తోంది. సేఫ్టీ ఏమైనా ఉందా?

తలుపు శబ్దం వేరు, సేఫ్టీ వేరు. బయటి రేకు మందం ప్రమాదంలో పెద్దగా కాపాడదు. కాపాడేవి లోపలి ఉక్కు చట్రం, బెల్టులు, ఎయిర్‌బ్యాగులు.

ఈ బండిలో నేను గట్టిగా సమర్థించే విషయం ఇదే. కింది వేరియంట్ నుంచీ 6 ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ, హిల్ హోల్డ్ (ఎక్కుడులో బండి వెనక్కి జారకుండా పట్టేది), అయిదుగురికీ మూడు పాయింట్ల బెల్టులు ఉన్నాయి. ఈఎస్‌పీ అంటే మలుపులో బండి జారబోతుంటే ఏ చక్రానికి ఎంత బ్రేక్ వేయాలో తనే వేసి దారిలో పెట్టే ఏర్పాటు. వానాకాలంలో మట్టి కొట్టుకొచ్చిన ఘాట్ మలుపుల్లో నాకు 8 పీఎస్ కన్నా ఇదే విలువైనది. గ్రిల్ గురించి గంటసేపు మాట్లాడేవాళ్లు దీని గురించి ఒక్క మాటా మాట్లాడకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

అలాగని లేని గొప్పలు చెప్పను. మూడో తరం స్విఫ్ట్‌కు 2022లో కార్లను గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఒక్క స్టారే ఇచ్చింది. కొత్తదానికి 2024లో యూరో ఎన్‌క్యాప్ 3 స్టార్లు ఇచ్చింది, కానీ అక్కడి బండిలో ఉండే పరికరాలు వేరు. స్విఫ్ట్‌కే పొడుగు డిక్కీ పెట్టినట్టుండే కొత్త డిజైర్‌కు అదే ఏడాది గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు వచ్చాయి. అక్కా తమ్ముళ్లలాంటి బళ్లే అయినా డిజైర్ స్టార్లను స్విఫ్ట్ ఖాతాలో వేయకూడదు.

## కొనాలా, పాతదే ఉంచుకోవాలా

నా దగ్గర 2022 స్విఫ్ట్ ఉంది, ఇంజన్ నున్నగా ఉంది. ఇచ్చేసి కొత్తది తీసుకోనా?

వద్దు. ఆ 90 పీఎస్ నాలుగు సిలిండర్ల ఇంజన్ కొత్త స్విఫ్ట్‌లో మళ్లీ దొరకదు. స్క్రీన్ కోసమో, కొత్త లైట్ల కోసమో దాన్ని వదులుకోకండి. మంచి టైర్లు వేయించి, బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు సరిచేయించుకోండి. ఇంట్లో చిన్నపిల్లలు పుట్టి 6 ఎయిర్‌బ్యాగులు కావాలనిపిస్తే మాత్రం మార్చడం సబబే, ఆ కారణం ముందు నేను వాదించను.

కొత్తది నచ్చలేదు, మూడో తరం సెకండ్‌హ్యాండ్ కొంటాను. ఏ ఏడాది చూడాలి?

2021 ఫిబ్రవరి తర్వాతవి చూడండి, 90 పీఎస్ ఇంజన్ అప్పటి నుంచే. సముద్రం ఒడ్డు ఊళ్లలో తిరిగిన బండైతే అడుగున తుప్పు చూడండి. ఘాట్‌లలో తిరిగిన బండైతే క్లచ్, బ్రేక్ డిస్కులు చూడండి. సర్వీస్ రికార్డు, బండి మీద లోన్ ఉంటే ఫారం 35, పేరు మార్పుకు ఫారం 29, 30 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి.

ఏ వేరియంట్ తీసుకోవాలి?

నడపడం ఇష్టమైనవాళ్లకు జెడ్‌ఎక్స్‌ఐ మాన్యువల్. 15 అంగుళాల చక్రాలు, ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు దీనికి వస్తాయి. బడ్జెట్ తక్కువైతే దానికన్నా కిందిదైన వీఎక్స్‌ఐ చాలు, ఎందుకంటే సేఫ్టీ సామాను కిందిదాకా ఒక్కటే. 9 అంగుళాల స్క్రీన్ కోసం జెడ్‌ఎక్స్‌ఐ ప్లస్‌కు వెళ్లాలా అన్నది మీ ఇష్టం, నేనైతే ఆ డబ్బు టైర్లకు పెడతాను.

సీఎన్‌జీ మంచిదేనా?

మన కొండ దారులకు కాదు. సీఎన్‌జీ మీద పవర్ 70 పీఎస్‌కు పడిపోతుంది, సిలిండర్ డిక్కీని తినేస్తుంది. మీ రోజూ దారిలో పంపు ఉండి, ఆ దారి చదునుగా ఉంటేనే ఆలోచించండి.

ఇల్లు రాయగడలో. కారు విజయనగరంలోనో విశాఖలోనో తీసుకుంటే తప్పా?

తప్పు లేదు. అక్కడ కొని, తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద తెచ్చుకుని, మీ చిరునామా ఉన్న ఒడిశాలో శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. రోడ్ ట్యాక్స్ ఒడిశాకే కట్టాలి. వారంటీ దేశమంతా చెల్లుతుంది. బిల్లు రాసేముందే డీలర్‌కు ఈ మాట చెప్పండి. లేకపోతే అలవాటు కొద్దీ ఆంధ్ర ట్యాక్స్ కలిపేసి కొటేషన్ ఇస్తారు. ఆధార్‌లో చిరునామా ఇంకా పార్వతీపురం, బొబ్బిలి వైపే ఉంటే ముందు అది తేల్చుకోండి, ఆర్‌టీఓలో ఆగిపోయేది అక్కడే.

బావగారి ఏపీ నంబర్ బండి తీసుకుని ఇక్కడ నడుపుతున్నాను. నంబర్ మార్చాలా?

ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే మార్చాల్సిందే, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ అదే చెబుతోంది. ముందు ఆంధ్రలో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి, దానికి ఫారం 28. తర్వాత ఇక్కడ ట్యాక్స్ కట్టి ఒడిశా నంబర్ తీసుకోవాలి. రాయగడకైతే ఓడీ 18, కోరాపుట్‌కు ఓడీ 10, గజపతికి ఓడీ 20. ఆంధ్రలో కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉద్యోగరీత్యా రాష్ట్రాలు మారే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులు కొత్త బండికి బీహెచ్ సిరీస్ (రాష్ట్రం మారినా మార్చక్కర్లేని నంబర్) అడగవచ్చు.

## కొన్నాక

మొహం నచ్చలేదు, గ్రిల్, బంపర్ మార్పించేస్తాను. పోలీసులు పట్టుకుంటారా?

కంపెనీ యాక్సెసరీల్లో ఉన్న గ్రిల్, స్కర్టులు వేయించుకుంటే భయం లేదు. ఆర్‌సీలో రాసిన కంపెనీ వివరాలు మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. బంపర్ ముందు ఇనుప గార్డు అసలు వద్దు. 2017 చివర్లోనే కేంద్రం వాటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది. ఎయిర్‌బ్యాగు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే సెన్సార్ లెక్కను ఆ గార్డు తప్పిస్తుంది. ఆరు ఎయిర్‌బ్యాగులు కొనుక్కుని వాటికి అడ్డం కట్టుకోకండి.

అద్దాలకు ముందూ వెనకా కనీసం 70 శాతం, పక్కల 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. నల్ల ఫిల్మ్ అతికిస్తే రెండు రాష్ట్రాల్లోనూ చలాన్ తప్పదు. లైట్ల కోసం వైర్లు కోయనివ్వకండి. ఆ ఒక్క పనితో ఎలక్ట్రికల్ వారంటీ గొడవలో పడుతుంది.

కింది వేరియంట్‌కు 15 అంగుళాల చక్రాలు వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు. కింది వేరియంట్లకు 165/80 ఆర్14, పైవాటికి 185/65 ఆర్15 కంపెనీయే ఇస్తుంది. లెక్క వేస్తే రెండింటి మొత్తం వ్యాసం 620 మి.మీ. అటూ ఇటూ, తేడా 2 మి.మీ. లోపే. స్పీడోమీటర్ తప్పు చూపదు, ఫెండర్‌కు రాసుకోదు. 195/55 ఆర్16 కూడా వ్యాసంలో సరిపోతుంది, కానీ టైర్ పక్కగోడ పలచనై మన గుంతలకు రిమ్ము దెబ్బతింటుంది. 15 దగ్గరే ఆగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పు సంగతి రాసి పంపండి.

డెలివరీ రోజే మజ్జిగౌరమ్మ గుడికి, ఆ వెంటనే ఘాట్‌కి వెళ్దామనుకుంటున్నాం. కొత్త ఇంజన్‌ను తొక్కవచ్చా?

గుడికి వెళ్లి పూజ చేయించుకోండి, ఘాట్ కూడా వెళ్లవచ్చు. మొదటి 1,000 కిలోమీటర్లు మాత్రం ఇంజన్‌ను చివరిదాకా తొక్కకండి, గంటల తరబడి ఒకే వేగంలో నడపకండి. తక్కువ గేర్‌లో, మధ్య ఆర్‌పీఎంలో, బరువు లేకుండా ఎక్కితే ఘాట్ ఇంజన్‌కు మేలే చేస్తుంది. నిమ్మకాయలు తొక్కించాక టైర్ సందుల్లో ఇరుక్కున్న ముక్కలు తీసేయండి. 1,000 కిలోమీటర్లకు మొదటి ఉచిత సర్వీస్, తర్వాత 5,000కు, 10,000కు.

కంపెనీ 24.8 అంది, నాకు 17 వస్తోంది. బండిలో లోపమా?

ఘాట్‌లో నలుగురితో, ఏసీతో 17 వస్తే లోపం లేదు. కంపెనీ అంకె ప్రయోగశాలలో వచ్చినది. చదును రోడ్డు మీద 70, 80 వేగంలో కూడా 20 దాటకపోతే అప్పుడు టైర్ గాలి, బ్రేక్ పట్టేస్తోందా, ఎయిర్ ఫిల్టర్ ఎలా ఉందో చూపించండి. స్క్రీన్ మీద అంకె నమ్మకుండా ట్యాంక్ నిండా కొట్టించి, మళ్లీ అదే పంపులో నింపించి లెక్క వేయండి. ట్యాంక్ 37 లీటర్లే. రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వైపు రాత్రి బయల్దేరేవాళ్లు ఊళ్లోనే నింపుకుని కదలండి.